డబ్లిన్ మేరీ స్ట్రీట్ చర్చిలో బార్: చూసి వచ్చాక మనసు కుదురుగా లేదు

లిఫీ ఒడ్డు:
అందరికీ నమస్కారం. నేను డబ్లిన్ వచ్చి నాలుగేళ్లయింది. పోయిన శుక్రవారం మా టీమ్ డిన్నర్ మేరీ స్ట్రీట్‌లో ‘ది చర్చ్’ అనే చోట పెట్టారు. పేరు అలా పెట్టుకున్నారేమో అనుకుంటూ వెళ్లాను. తీరా లోపల అడుగు పెడితే అది నిజంగానే చర్చి. చుట్టూ పై అంతస్తులో గ్యాలరీ, ఒక చివర పెద్ద రంగు అద్దాల కిటికీ, ఎత్తున గొట్టాలతో పాత ఆర్గాన్. సంఘం కూర్చునే నడిమి స్థలంలో పొడుగాటి బార్ కౌంటర్.

మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. చెప్పులు గుమ్మం బయట విడిచి, తల మీద కొంగు కప్పుకుని మందిరంలోకి వెళ్లిన అలవాటు నాది. అక్కడ బూట్లతో, చుట్టూ గ్లాసుల చప్పుడు మధ్య నిలబడితే నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పనిచేసేవాళ్లు మాత్రం చాలా మర్యాదగా ఉన్నారు. నేను కిటికీ వంక చూస్తుంటే ఒకతను వచ్చి, భవనం చరిత్ర ఓపిగ్గా చెప్పాడు కూడా.

ఇంటికొచ్చి చదివాను. ఇది సెయింట్ మేరీస్ చర్చి. 1700 ప్రాంతంలో విలియం రాబిన్సన్ నమూనా ప్రకారం కట్టడం మొదలైంది. జాన్ వెస్లీ 1747లో ఐర్లాండ్‌కు మొదటిసారి వచ్చినప్పుడు ప్రసంగించింది ఇక్కడే. గిన్నిస్ బీరు మొదలుపెట్టిన ఆర్థర్ గిన్నిస్ 1761లో పెళ్లి చేసుకున్నది ఇక్కడే. స్వాతంత్ర్య పోరాట వీరుడు వుల్ఫ్ టోన్‌కు, నాటక రచయిత షాన్ ఓకేసీకి బాప్తిస్మం ఇచ్చింది ఇక్కడే. హాండెల్ 1741-42లో డబ్లిన్‌లో ఉన్నప్పుడు ఈ ఆర్గాన్ మీదే సాధన చేశాడని చెబుతారు. ఆరాధనలు ఆగిపోయాక చాలా కాలం వేరే పనులకు వాడారు. కొన్నేళ్ల మరమ్మతుల తర్వాత 2005లో బార్‌గా తెరిచారు. ‘ది చర్చ్’ అనే పేరు 2007లో వచ్చింది.

ఇలా మార్చడం తప్పా? మార్చబట్టే అది ఇంకా నిలబడి ఉందా? నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి, అందుకే మీ అందరినీ అడుగుతున్నాను.

సున్నం పని:
లిఫీ ఒడ్డు గారూ, మీ బాధ అర్థమైంది. నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, ఇప్పుడు ఉండేది ఇంగ్లండ్‌లో. నా కళ్లతో చూసింది చెబుతాను.

చర్చి మూతపడగానే మొదట వచ్చేది దొంగలు కాదు, నీళ్లు. పైకప్పు మీద సీసపు రేకు ఒకటి లేస్తుంది, లేదా వాన నీటి కాలువలో ఆకులు పేరుకుంటాయి. ఎక్కి తీసేవాళ్లు ఉండరు. నీళ్లు గోడలోకి దిగుతాయి, దూలం చివర గోడలో ఇమిడిన చోట చెక్క కుళ్లుతుంది. బయటి నుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. పదేళ్లకు ఒకరోజు కప్పు కుంగుతుంది. ప్రతి వారం మనుషులు వచ్చే భవనంలో అయితే ఆ తడి మరకను ఎవరో ఒకరు చూసి చెబుతారు. భవనానికి వాడకమే కాపలా.

మేరీ స్ట్రీట్ చర్చి నేను పనిగట్టుకుని వెళ్లి చూశాను. పై అంతస్తుకు మెట్లను లోపల గ్యాలరీ కోసి పెట్టలేదు. బయట అద్దాలతో విడిగా ఒక టవర్ కట్టి, అక్కడి నుంచి చిన్న వంతెనతో కలిపారు. రేపు ఎవరైనా ఆ టవర్ తీసేసినా 300 ఏళ్ల గోడకు పెద్దగా నష్టం ఉండదు. మా పనిలో ముందు చూసేది ఇదే, వెనక్కి తీసుకోగలిగిన మార్పా కాదా అని.

ఖాళీగా కూలిపోవడం కన్నా బార్ మేలు. నా మాట ఇదే.

మెదక్ గంట:
సున్నం పని అన్నా, గోడ లెక్క మీరు చెప్పింది సరే. నా బాధ గోడ గురించి కాదు.

మా మెదక్ చర్చి సంగతి అందరికీ తెలుసు. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు జనానికి పని, తిండి దొరకాలని ఆ కట్టడం చేపట్టారు. మా జేజి చెప్పేది, వాళ్ల నాయన అక్కడ రాళ్లు మోసి గంజి తాగి బతికాడని. 2024లో నూరేళ్ల పండక్కి మా ఇంట్లో మూడు తరాల వాళ్లం వెళ్లాం. జేజి గుమ్మం రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది.

రేపు సంఘం తగ్గిపోయి, అందులో డీజే పెట్టుకుంటే కప్పు కారకుండా ఉంటుంది అని ఎవరైనా అంటే నేనేం చెప్పాలి? ఆ రాయి మా వాళ్ల ఆకలికి గుర్తు. దాన్ని మంచి గోడ అని మాత్రమే చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ మీద కోపం కాదన్నా, ఆ మాట మీద.

సున్నం పని:
చెల్లీ, నా మాట ఒంటి మీద పడినట్టుంది, మన్నించు. నేను మెదక్ లాంటి నిండుగా జనం ఉన్న చర్చి గురించి అనలేదు. క్రిస్మస్‌కు అక్కడ అడుగు పెట్టే చోటుండదు. నేను చెప్పింది మనుషులు ఖాళీ అయిన చోట్ల గురించి.

డబ్లిన్ ఉత్తర భాగంలో జరిగింది అదే. ఆ చర్చి ఐర్లండ్ ప్రొటెస్టెంట్ సంఘానిది. 1922లో దేశం స్వతంత్రమయ్యాక వాళ్ల సంఖ్య తగ్గింది, మిగిలినవాళ్లు ఊరి చివరి కాలనీలకు వెళ్లిపోయారు. చుట్టూ అంతా దుకాణాల వీధులయ్యాయి. ఆదివారం గంట కొడితే వచ్చే ఇళ్లే ఆ చుట్టుపక్కల లేవు.

జెర్సీ బాబాయ్:
ఆలస్యంగా చూశాను ఈ చర్చని. నేను ఎడిసన్‌లో ఉంటాను, 1990ల నుంచి న్యూయార్క్‌లో ఉద్యోగం. మాన్‌హాటన్‌లో ఆరో అవెన్యూ, 20వ వీధి మూల మీద ఉన్న చర్చి కథ చెప్పకుండా ఈ విషయం ముగియదు.

దాని పేరు చర్చ్ ఆఫ్ ది హోలీ కమ్యూనియన్. రిచర్డ్ అప్‌జాన్ గీసిన నమూనా, 1846లో ప్రతిష్ఠ. అక్కడి మొదటి పాస్టర్ విలియం ఆగస్టస్ మ్యూలెన్‌బర్గ్. ఆ రోజుల్లో పెద్ద చర్చిల్లో బెంచీలకు అద్దె ఉండేది. డబ్బున్న కుటుంబాలు ముందు వరసలు కొనుక్కునేవి. ఈయన ఆ పద్ధతి వద్దని, ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చని తెరిచి పెట్టాడు. సెయింట్ ల్యూక్స్ ఆసుపత్రి పుట్టిందీ ఆయన పట్టుదల వల్లనే. బీదవాళ్ల కోసం కట్టిన గుడి అన్నమాట.

1966లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 1970లలో సంఘం వేరే సంఘాలతో కలిసిపోయింది, భవనం ప్రతిష్ఠ తీసేసి అమ్మేశారు. కొన్నది ఎవరు? మత్తుమందులకు అలవాటుపడ్డవాళ్లను బాగుచేసే సంస్థ! సంఘం వాళ్లు మంచి చేతుల్లోనే పెట్టామని అనుకుని ఉంటారు. ఆ సంస్థ తర్వాత దాన్ని ఒక నైట్‌క్లబ్ యజమానికి అమ్మింది. 1983లో ‘లైమ్‌లైట్’ పేరుతో క్లబ్ తెరుచుకుంది. అప్పటి న్యూయార్క్ ఎపిస్కోపల్ బిషప్ పాల్ మూర్ బహిరంగంగానే ఖండించారు. ఖండించి ఏం లాభం, అప్పటికే కాగితాలు చేతులు మారిపోయాయి.

1990లలో ఆ పేరు వింటే మత్తుమందుల కేసులు, పోలీసుల దాడులే గుర్తొచ్చేవి. మా ఆఫీసు దారిలోనే ఉండేది. రాత్రి పొద్దుపోయి వెళ్తుంటే ఆ గోపురం కింద, ఆ లైన్లో నిలబడ్డ పిల్లల్ని చూసి మనసు అదోలా అయ్యేది. 2007లో క్లబ్ మూతపడింది. 2010లో లోపల చిన్న చిన్న షాపులతో మార్కెట్ పెట్టారు. ఆ తర్వాత జిమ్ వచ్చింది.

సున్నం పని గారూ, గోడ మాత్రం నిలబడింది. ఆ ఒక్క మాటా ఒప్పుకుంటాను. మత్తు మాన్పించే చోటు మత్తు దొరికే చోటయింది, దానికి ఏ ఇంజినీరూ లెక్క కట్టలేడు.

గుణదల మెట్లు:
బాబాయ్ గారు చెప్పింది చదువుతుంటే గుండె బరువెక్కింది. మేము క్యాథలిక్కులం, మాకు ఈ విషయంలో రాసిపెట్టిన నియమం ఉంది. చర్చి చట్టం 1222వ నియమం ప్రకారం, ఇక పూజకు వాడలేని చర్చిని మేత్రాణులు, అంటే బిషప్ గారు, లౌకిక పనులకు వదిలిపెట్టవచ్చు. హీనమైన పనులకు మాత్రం ఇవ్వకూడదు. ఆ ‘హీనం’ అన్న మాట దగ్గరే గొడవంతా.

పిట్స్‌బర్గ్‌లో మా అన్నయ్య వాళ్లుంటారు. అక్కడ 1902 నాటి సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి ఉంది. ఉక్కు పరిశ్రమ పడిపోయి జనం వలసపోయాక 1993లో మూసేశారు. 1996లో అది బీరు తయారుచేసే రెస్టారెంట్ అయింది. పూజాపీఠం ఉండే చోట ఇప్పుడు బీరు కాచే స్టీలు, రాగి పాత్రలు నిలబెట్టారు. లైట్లు కూడా వాటి మీదే పడతాయి.

అన్నయ్య నన్ను తీసుకెళ్లాడు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను, పాత బెంచీలనే కోసి వేసిన సీట్లవి. చేతులు జోడించే చోట మెనూ కార్డు. కూలిపోవడం కన్నా నయమే అని అన్నయ్య అన్నాడు. నేను మాత్రం అక్కడ ముద్ద మింగలేకపోయాను. గ్యాలరీలో బార్ పెట్టుకోండి, గుమ్మం పక్కన పెట్టుకోండి, పీఠాన్ని మాత్రం వదిలేస్తే ఏం పోయేది? నాకు హీనం అంటే మద్యం అని కాదు. అందరికంటే పవిత్రంగా చూసుకున్న జాగానే ఏరి అమ్మకానికి అలంకారం చేయడం.

కాలువ గట్టు:
నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకుంటున్నాను. మీ అందరికన్నా చిన్నవాణ్ణి, తప్పుగా మాట్లాడితే సరిదిద్దండి.

ఇక్కడ ‘పారాడిసో’ అని ప్రసిద్ధమైన సంగీత వేదిక ఉంది. 1880లో ఫ్రీ కాంగ్రిగేషన్ అనే స్వేచ్ఛాభావాల సంఘం కట్టుకున్న ప్రార్థనా మందిరం అది. 1967లో హిప్పీలు ఖాళీ భవనాన్ని ఆక్రమించారు, 1968లో నగరం సాయంతో యువజన కేంద్రంగా తెరిచారు. 1995లో రోలింగ్ స్టోన్స్ కూడా ఇక్కడ పాడారు. వేదిక వెనక పాత చర్చి కిటికీలు అలాగే ఉన్నాయి, వాటి మీద లైట్లు పడితే ఒళ్లు జలదరిస్తుంది. నేను మొదటిసారి ఒంటరితనం పోయి ఏడ్చింది అక్కడే, ఒక కచేరీలో, ఎవరో తెలియని వెయ్యి మంది మధ్య. అది నాకు అపవిత్రంగా అనిపించలేదు.

ఇంకో మాట, నేను సౌండ్ కోర్సు చేస్తున్నాను కాబట్టి. రాతి చర్చిలో ఒక స్వరం ఆగాక కూడా కొన్ని సెకన్లు తిరుగుతూ ఉంటుంది. ఆర్గాన్, బృందగానం ఆ ప్రతిధ్వనిని లెక్కలో పెట్టుకుని పుట్టినవే. అదే చోట డ్రమ్స్ కొడితే దెబ్బ మీద దెబ్బ కలిసిపోయి గోల అవుతుంది. అందుకే మందపాటి తెరలు, మెత్తటి పలకలు వేసి ఆ మోతను చంపేస్తారు. అంటే క్లబ్ చేయాలంటే ముందు ఆ చర్చి గొంతు నొక్కాలి. నాటకం, వీణ, కోరస్ పెడితే అంత అవసరం ఉండదు. ఏ వినోదం అన్నది కూడా చూడాలి కదా.

లిఫీ ఒడ్డు:
తమ్ముడూ, తప్పేం లేదు, చాలా బాగా చెప్పావు. చర్చి గొంతు నొక్కడం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మేరీ స్ట్రీట్‌లో ఆర్గాన్ కనిపిస్తుంది కానీ నేనున్నంతసేపూ స్పీకర్ల పాటలే.

ఆగమం ఇంటి కుర్రాడు:
నేను క్రైస్తవుణ్ణి కాదు, మా నాన్నగారు వైష్ణవాలయంలో అర్చకులు. అయినా ఈ చర్చ నాకు దగ్గరగా ఉంది.

మా పద్ధతిలో గర్భాలయం మరమ్మతు చేయాలంటే ముందు కళాకర్షణ చేస్తారు. మూలమూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయం అనే తాత్కాలిక గుడిలో ఉంచుతారు. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులు దర్శనం చేసుకున్నది బాలాలయంలోనే. అంటే చోటుకూ దేవుడికీ మధ్య ముడి విప్పడానికి ఒక క్రమం ఉంది, మంత్రం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అంత కష్టం ఎందుకు పడ్డారంటే ఆ రాళ్లను ఉత్త రాళ్లుగా ఎవరూ చూడలేదు కనుక.

క్రైస్తవ ఆచారంలో కూడా ప్రతిష్ఠ తీసేసే ప్రార్థన ఉంటుందని విన్నాను. అది సరిగ్గా జరిగితే మిగిలింది కట్టడమే కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

మెదక్ గంట:
ఉంటుంది బాబూ. చివరి ఆరాధన జరిపి, బిషప్ గారు ఉత్తర్వు చదువుతారు. ప్రభువు బల్ల పాత్రలు, బైబిల్ బయటికి తెస్తారు. దేవుడు గోడల్లో కట్టుబడి లేడని మా విశ్వాసం కూడా. ఆ మాట పాస్టర్ అయ్యగారు చెబితే తల ఊపుతాను. కానీ మా జేజి చెయ్యి పెట్టిన గుమ్మం రాయికి ఏ ఉత్తర్వు చదివితే ఆ చెయ్యి పోతుంది?

ఇంకొకటి. మన దగ్గర సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఆస్తులు ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి, ఒక ఊరి సంఘం తనంతట తాను అమ్మలేదు. చిన్నప్పుడు అది అన్యాయం అనుకునేదాన్ని. బాబాయ్ గారి న్యూయార్క్ కథ చదివాక, సంతకం పెట్టే చేతులు ఎక్కువుంటేనే మంచిదేమో అనిపిస్తోంది.

థేమ్స్ అక్క:
చర్చి లేదా బార్, ఈ రెండే దారులన్నట్టు మాట్లాడుతున్నారు. లండన్ ఇస్లింగ్టన్‌లో యూనియన్ చాపెల్ ఉంది, నేను పదిహేనేళ్లుగా వెళ్తున్నాను. 1877లో జేమ్స్ క్యూబిట్ కట్టిన పెద్ద మందిరం. 1980ల మొదట్లో కూల్చేస్తారన్న పరిస్థితి వచ్చింది. ఇప్పుడు ఆదివారం పొద్దున ఆరాధన, వారంలో రాత్రులు కచేరీలు. ఇల్లు లేనివాళ్లకు సాయం చేసే కార్యక్రమం కూడా అదే భవనంలో నడుస్తుంది.

కచేరీకి వెళ్తే బెంచీల మీదే కూర్చోవాలి. పాడేవాళ్లు ప్రసంగ వేదిక ముందు నిలబడి పాడతారు. చప్పట్లు కొట్టే జనంలో చాలామందికి దేవుడి మీద నమ్మకం ఉండదు, అయినా గొంతు తగ్గించి మాట్లాడతారు. సంఘం చిన్నదే. కానీ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. అమ్మేయడానికీ అద్దెకివ్వడానికీ తేడా అదే. ఇంగ్లండ్ చర్చి వాళ్లు అమ్మేటప్పుడు కూడా దస్తావేజులో ఇక్కడ ఫలానా పనులు చేయకూడదని షరతులు రాయించే పద్ధతి ఉంది.

సున్నం పని:
థేమ్స్ అక్క గారు చెప్పిన దారి నాకూ అన్నిటికంటే ఇష్టం. చిక్కేమిటంటే దానికి ఇరవై మందైనా పట్టుదల గలవాళ్లు ఉండాలి. చాలా చోట్ల మిగిలేది ఎనభై ఏళ్లు దాటిన నలుగురు. వాళ్లకు కచేరీ లైసెన్సు, ఫైర్ అలారం, ఇన్సూరెన్సు అంటే టెన్షన్ వచ్చేస్తుంది. అయినా చెల్లి, గుణదల గారు చెప్పాక నా మొదటి మాట కొంచెం మార్చుకుంటున్నాను. కూలడం కన్నా బార్ మేలు అనే ముందు, ఆ నలుగురు ఓపికగా ఉన్నప్పుడే, అంటే పదేళ్ల ముందే, కూర్చుని మాట్లాడి ఉండాలి. మేం ఎప్పుడూ ఆఖరున పిలిస్తేనే వెళ్తాం. అప్పటికి కొనేవాడు ఒక్కడే మిగులుతాడు, వాడు చెప్పిందే షరతు.

జెర్సీ బాబాయ్:
అడిగారు కాబట్టి కాదు, మనసు తేలిక కోసం ఒకటి చెబుతాను. న్యూయార్క్‌లోనే దీనికి ఎదురు కథ ఉంది. బ్రాడ్‌వే దగ్గర 1930లో సినిమా హాలుగా కట్టిన భవనం, తర్వాత మార్క్ హెలింజర్ థియేటర్. 1989 నుంచి అందులో టైమ్స్ స్క్వేర్ చర్చి నడుస్తోంది. పైకప్పు మీద పాత హంగులన్నీ అలాగే ఉంచి, నాటకాలు ఆడిన వేదిక మీదే ప్రార్థన చేస్తారు. నాటకాలవాళ్లలో చాలామంది ఆ థియేటర్ పోయిందని ఇప్పటికీ బాధపడతారట. పోగొట్టుకున్నవాళ్ల బాధ రెండు వైపులా ఉంటుంది.

లిఫీ ఒడ్డు:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న పొద్దున పాపను తీసుకుని మళ్లీ అటు వెళ్లాను. ఈసారి లోపలికి కాదు, పక్కనున్న వుల్ఫ్ టోన్ పార్కుకి. నేను మొదటిసారి గమనించలేదు, ఆ పార్కు ఒకప్పుడు ఈ చర్చి సమాధుల తోట. పాత సమాధి రాళ్లను తీసి ఒక వైపు దొంతర పెట్టారు. బెంచీల మీద జనం శాండ్‌విచ్‌లు తింటున్నారు, పిల్లలు పావురాల వెంట పరుగెడుతున్నారు. కింద మనుషులున్నారని ఎంతమందికి తెలుసో.

విచిత్రంగా బార్ కన్నా ఇదే నన్ను ఎక్కువ కదిలించింది. బార్ వాళ్లు కనీసం ఆర్గాన్ తుడిచి పెడుతున్నారు, వచ్చినవాళ్లకు కథ చెబుతున్నారు. ఈ రాళ్ల మీది అక్షరాలు వానకు అరిగిపోతుంటే చదివేవాళ్లు లేరు. మా ఊళ్లో ఆత్మల పండగ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా తాతమ్మ సమాధి మీద పేరు అరిగిపోతే నాన్న ప్రతి ఏడాదీ నల్ల రంగుతో మళ్లీ దిద్దేవారు.

పాప వేలితో ఒక రాయి మీద అక్షరాలు తడుముతూ ‘ఎం’ అంది. తర్వాత అక్షరం పోయింది. మేరీ అయ్యుంటుందా, మార్గరెట్టా? కాసేపు అక్కడే కూర్చున్నాం. కాగితం రాయి మీద పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు తేలతాయని గుర్తొచ్చింది, కానీ చేతిలో కాగితం లేదు.

సున్నం పని:
లిఫీ ఒడ్డు గారూ, ముందు ఆ స్థలం చూసుకునేవాళ్లను అడగండి. మెత్తబడిన రాయి మీద కాగితం రుద్దితే పెచ్చులు ఊడతాయి. దాని బదులు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ, లేదా టార్చి పక్క నుంచి వేసి ఫోటో తీయండి. నీడల్లో అక్షరాలు బయటపడతాయి. ఫోటోలు ఇక్కడ పెడితే చదవడానికి నేను సాయం చేస్తాను.

మెదక్ గంట:
నా కజిన్ ఒకతను డబ్లిన్‌లోనే చదువుతున్నాడు. టార్చి పట్టుకోవడానికి వాణ్ణి పంపనా అక్కా?

లిఫీ ఒడ్డు:
పంపు తల్లీ. శనివారం సాయంత్రం ఆరింటికి, జర్విస్ లూయస్ ట్రామ్ స్టాప్ దగ్గర నిలబడమను. వాన లేకపోతే పాప కూడా వస్తుంది.